కనుమ భోజనానికి మినీ బైపాస్ రెస్టారెంట్: పులుసుకి ఫుల్ మార్కులు, అన్నం దగ్గరే పేచీ

నెల్లూరు మినీ బైపాస్‌లో ఈ మధ్య పెట్టిన మోడ్రన్ ఆంధ్రా రెస్టారెంట్ ఎట్టుంది అని మావాళ్ళు చాలామంది అడగతా ఉన్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కొన్ని కంప్లైంట్లు ఉన్నాయి, అవి మేనేజర్‌కి ఎదురుగానే చెప్పి వచ్చాం, సరిచేసుకుంటామన్నారు, వాళ్ళకీ కొంచెం టైమివ్వాలి కదా. వంట మాత్రం చెయ్యి తిరిగినోళ్ళ వంట. ఇబ్బందల్లా వడ్డనలోనే.

మేం వెళ్ళింది కనుమ నాడు మధ్యాహ్నం. బెంగుళూరు నుంచి మా ఆడబిడ్డ వాళ్ళు, హైదరాబాద్ నుంచి మా మరిది వాళ్ళు, అత్తమ్మ, మామయ్య, మా ఆయన వాళ్ళ జేజి, పిలకాయలు, అంతా కలిసి పదకొండు మందిమి. పండగ మూడు రోజులూ ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే నిలబడాలా అని మామయ్యే ముందుగా ఫోన్ చేసి టేబుల్ బుక్ చేశారు. అయినా ఇరవై నిమిషాలు బయట కూర్చోబెట్టారు, పండగ రోజు కాబట్టి సర్లే అనుకున్నాం. జేజికి సోఫా బాగా లోతుగా ఉంది, లేవలేకపోతుందని చెప్పగానే ఒక అబ్బాయి వెంటనే ఎత్తు కుర్చీ తెచ్చి వేశాడు. అక్కడ పనిచేసే పిల్లలు మంచోళ్ళు, ఇది గట్టిగా చెప్పాలి.

కనుమనాడు మినుము తినకపోతే ఎట్టా అని జేజి పట్టుబట్టింది, మెనూలో చూస్తే నాటుకోడి గారె షాట్స్ అని ఉంది. చిన్న గాజు గ్లాసుల్లో నాటుకోడి పులుసు, అందులో రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్ద గారె. రుచికి వంకే లేదు, గారె పైన కరకర, లోపల మెత్తన, మినప్పప్పు నానేసి రుబ్బిన పిండే గానీ ప్యాకెట్ పొడి కాదని నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. కానీ గ్లాసులోంచి గారెని ఎట్టా తియ్యాలో తెలీక జేజి చూస్తా కూర్చుంది. ఆ అబ్బాయే మళ్ళీ వచ్చి "ఉండవ్వా, గిన్నెలో పెట్టిస్తా" అని మార్చి తెచ్చాడు.

ఇక అసలు సంగతి, కొరమీను పులుసు. పెద్ద తెల్ల ప్లేటు, మధ్యలో కప్పుతో బోర్లించిన అన్నం, పైన ఏదో పువ్వు, పక్కన రెండు ముక్కలు, చుట్టూ గీత గీసినట్టు పులుసు. ఫోటోకి బావుంటుంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే ముందు చింతపండు పులుపు, దాని వెనకే కారం, చివర్లో మెంతుల చేదు కొంచెమే తగిలీ తగలనట్టు, ముక్క లోపలిదాకా పులుపు పట్టి ఉంది. ముందురోజు రాత్రే కాచి పెడతామన్నారు, చేపల పులుసు నిలవైతేనే కదా దాని రుచి. మామిడికాయ ముక్కలు లేవేందని అత్తమ్మ అడిగితే, ఈ కాలంలో మంచి పుల్లమామిడి దొరకదమ్మా, ఫ్రీజర్‌లో ముక్కలు వెయ్యడం ఇష్టంలేక మానేశాం, వేసవిలో వేస్తాం అన్నారు. ఆ మాట నాకు బో నచ్చింది, కొరమీనుకి ముళ్ళు తక్కువ కాబట్టి పిలకాయలు కూడా భయం లేకుండా తిన్నారు.

కానీ ఆ అన్నం నాలుగు ముద్దలకి అయిపోయింది! ఎక్స్‌ట్రా రైస్ కప్పు 90 రూపాయలంట, అదీ మళ్ళీ కప్పుతో బోర్లించే తెస్తారంట. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని మురిసిపోయే ఊళ్ళో, పండగ పూట, ఇంటిల్లిపాదీ తినడానికి వస్తే అన్నం కొలిచి పెడతారా అండీ? చేపల పులుసుకి అన్నం కలుపుకుంటా, మళ్ళీ పులుసు పోసుకుంటా, పక్కవాళ్ళకి ముక్క వేస్తా తినాలి, ఒక్కొక్కరికి ఒక్కో ప్లేటు విడిగా పెట్టేస్తే ఇంక కలిసి తిన్నట్టేముంది. మామయ్య మేనేజర్ని పిలిచి నిదానంగా ఇదే చెప్పారు. ఆయన ఏం అనుకోకుండా పెద్ద గిన్నె నిండా అన్నం, మట్టి చట్టిలో పులుసు విడిగా పంపించారు, అప్పట్నుంచి టేబుల్ మీద మాటలు మొదలయ్యాయి, మామయ్య నిలబడి అందరికీ వడ్డించారు, మా మరిది అయితే ఎన్నిసార్లు వడ్డించుకున్నాడో లెక్కే పెట్టుకోలేదు. బియ్యం ఏవని అడిగితే నెల్లూరు మసూరి, ఎన్ఎల్ఆర్ 34449 అన్నారు, మన నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకమే. మొలగొలుకులు పంటకాలం ఎక్కువ, ఇప్పుడు వేసేవాళ్ళు బాగా తక్కువ, అయినా చాలా హోటళ్ళు ఆ పేరు వాడేసుకుంటాయి, వీళ్ళు ఉన్నదే చెప్పారు.

పిలకాయల కోసం ఆర్డర్ చేసిన మాక్‌టైల్ దగ్గర మాత్రం నాకు గుండె ఆగినంత పనైంది. పొగలు కక్కుతా వచ్చింది, మా చిన్నోడు చెయ్యి పెట్టబోయాడు. అది డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది, చేత్తో ముట్టుకున్నా మింగినా కాలినంత పనవుతుంది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక కేఫ్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని దాన్ని నోట్లో వేసుకుని 5 మంది రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. పొగ పూర్తిగా పోయేదాకా ముట్టుకోవద్దని టేబుల్ మీద పెట్టేటప్పుడే చెప్పాలి, ఇక్కడ ఎవరూ చెప్పలేదు. దయచేసి చిన్నపిల్లల టేబుల్‌కి అసలు ఇవ్వకండి.

మా ఆడబిడ్డ శాకాహారి, గుత్తొంకాయ బావుందంది, గోంగూర పనీర్ వద్దంది. మలై కాజా చీజ్ కేక్ అని ఒకటుంది, మానెయ్యండి. నెల్లూరులో ఉండి మలై కాజాని మలై కాజాగా పెట్టకుండా దాన్ని పొడి చేసి చీజ్ కింద పరవడం ఎందుకో నాకర్థం కాలేదు, పాకం మెత్తదనం అంతా పోయింది.

బిల్లు మనిషికి దగ్గర దగ్గర 750 పడింది, ఆ పులుసుకి అది ఎక్కువేం కాదు. జీఎస్టీ 5 శాతం సరే, దాని కింద సర్వీస్ ఛార్జ్ అని ఇంకో లైన్ కనిపించింది. 2022 జులైలోనే వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది, అడక్కుండా సర్వీస్ ఛార్జ్ బిల్లులో కలపకూడదని, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. మర్యాదగా అడిగితే తీసేశారు. ఎక్కడైనా తియ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఆ కుర్చీ తెచ్చిన అబ్బాయికి మాత్రం మామయ్య చేతికే డబ్బులిచ్చారు.

వెళ్ళేవాళ్ళు బుక్ చేసేటప్పుడే అన్నం గిన్నెలో, పులుసు చట్టిలో విడిగా కావాలని చెప్పండి. మెనూలో ఎక్కడా ఉండదు, అడిగితే పెడతారు. దాన్ని మెనూలోనే పెట్టమని ఫీడ్‌బ్యాక్ కార్డులో రాసిచ్చాను. పండగ రోజుల్లో అయితే పన్నెండున్నరకల్లా వెళ్ళిపోండి, ఒంటిగంట దాటితే కారు పెట్టుకోడానికి చోటు కూడా దొరకదు.