ఆ 99 రూపాయల వెబినార్ లైఫ్ కోచ్‌తో జాగ్రత్త, మందులు కూడా మానెయ్యమంటున్నాడు

ఇన్‌స్టా తెరిస్తే చాలు ఆ యాడే, మీకూ వచ్చే ఉంటుంది, పేరు రాయట్లేదు గానీ చూసినవాళ్ళకి అర్థమైపోతుంది. ఉద్యోగం పోయి దిగులుగా ఉన్న మా తమ్ముడు అందులో చేరాడు, వెబినార్ అయిపోయే ముందు "ఇంకో పది నిమిషాల్లో సీట్లు క్లోజ్" అని తొందరపెట్టి 75 వేల ప్రోగ్రాం అంటగట్టారు, అదీ ఈఎంఐ మీద.

డబ్బు సంగతి అలా ఉంచండి. వన్ టు వన్ సెషన్‌లో వీడు ఆ మనిషిని నమ్మి, పానిక్ అటాక్స్ వస్తున్నాయి సార్, సైకియాట్రిస్ట్ ఇచ్చిన టాబ్లెట్లు వాడుతున్నా అని చెప్పుకున్నాడు. నిన్న రాత్రి జూమ్ గ్రూప్ కాల్‌లో అందరూ ఉండగా వీణ్ణి పేరు పెట్టి పిలిచి "టాబ్లెట్ల మీద బతికేవాడికి సక్సెస్ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవాళే డస్ట్‌బిన్‌లో పడేస్తానని అందరి ముందు చెప్పు" అన్నాడు. పక్కగదిలోకి నాకు వినపడుతోంది. వీడికి నోట మాట రాక కెమెరా ఆఫ్ చేస్తే "చూశారా, పారిపోవడం ఇతనికి అలవాటు" అని నవ్వాడండీ, చాట్ నిండా చప్పట్ల ఎమోజీలు. వాడు రాత్రంతా పడుకోలేదు. పొద్దున్నే నేను ఫోన్ చేసి రిఫండ్ అడిగితే "మీ ఇంట్లోనే పేదరికపు మైండ్‌సెట్ ఉంది మేడం" అని పెట్టేశారు.

కోచింగ్ అంటే ఇది కాదండీ. ఉద్యోగం మారాలా, టీమ్‌ని ఎలా నడపాలి లాంటివాటిలో సరైన ప్రశ్నలు వేసి మనమే తేల్చుకునేలా చేసేవాళ్ళు కోచ్‌లు, వైద్యం వాళ్ళ పని కాదు, అవసరం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపాలి, మనం చెప్పింది గుట్టుగా ఉంచాలి. క్లినికల్ సైకాలజిస్టులకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, కోచ్ అని పేరు పెట్టుకోవడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు, వీళ్ళ ఆటలు సాగేది అక్కడే. సర్టిఫైడ్ అంటే ఎవరిచ్చారో అడగండి, కోచ్‌లకి సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్ వాళ్ళ మొదటి మెట్టు సర్టిఫికెట్ ఏసీసీకే 100 గంటలు కోచింగ్ చేసి ఉండాలి.

ఎవరు చెప్పినా డాక్టర్‌ని అడక్కుండా టాబ్లెట్లు ఆపకండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇస్తున్నా. ఆ గ్రూప్‌లో మీవాళ్ళుంటే పేమెంట్ రసీదులు, చాట్‌లు ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసుకోమనండి, తమ్ముణ్ణి గ్రూప్‌లోంచి తీసేశాక లింకులేవీ తెరుచుకోవట్లేదు.