తక్కువ డబ్బుతో కొత్త పరుపు: పత్తి, పీచు, ఫోమ్‌లలో ఏది మేలు?

ఏడెనిమిది వేల రూపాయల్లో డబుల్ కాట్‌కు పరుపు కావాలి, పత్తిది కుట్టించమంటారా, కొబ్బరి పీచుది కొనమంటారా, ఫోమ్‌ది తెప్పించుకోమంటారా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మెత్తదనం గురించీ కంపెనీ పేరు గురించీ దుకాణంలో ఎలాగూ చెబుతారు కనుక వాటిని పక్కన పెడుతున్నాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు తేల్చుకోవలసింది నా దృష్టిలో ఒక్కటే: పరుపులో గుంట ఎన్నాళ్లకు పడుతుంది, పడిన తరువాత దాన్ని బాగుచేసుకునే వీలుందా? డబ్బున్నవారు గుంట పడగానే మరొకటి కొనుక్కోగలరు. లేనివారు నడుము నొప్పితో ఆ గుంటలోనే ఏళ్ల తరబడి పడుకోవలసి వస్తుంది.

పత్తి పరుపుకు గుంట త్వరగానే పడుతుంది. పడుకునే చోట దూది అణిగి, చెమటకూ తేమకూ గడ్డకడుతుంది. అయితే ఆ గుంట శాశ్వతం కాదు. ఎండలో వేసి, కర్రతో కొట్టి, తిరగేసి పరిస్తే చాలా వరకు లేస్తుంది. కొన్నేళ్లకు అదీ చాలనప్పుడు కుట్లు విప్పి, దూదిని ఏకించి, ఏకుడులో పోయిన తరుగుకు సరిపడా కొత్త దూది కలిపి మళ్లీ కుట్టించుకోవచ్చు. ఈ పనికయ్యే ఖర్చు కొత్త పరుపు ఖరీదుతో పోలిస్తే చాలా తక్కువ. మిగిలిన ఏ పరుపుకూ ఈ సదుపాయం లేదు.

అయితే ఇదంతా లోపల మంచి దూది ఉంటేనే. అందుకే కుట్టి సిద్ధంగా ఉంచిన పరుపు కొనవద్దనీ, దూది కళ్ల ముందు తూకం వేయించి, దగ్గరుండి కుట్టించుకోమనీ చెబుతాను. గుప్పెడు దూది తీసుకుని రెండు చేతులతో నెమ్మదిగా లాగి చూడండి. పింజ పొడవుగా సాగితే అది మంచి దూది. లాగగానే పొట్టిగా తెగి, దుమ్ము రాలి, మధ్యలో ఎర్రవీ నీలివీ దారప్పోగులు కనిపిస్తే అది గుడ్డముక్కలను ఏకి తీసిన దూది. అది నెలల్లోనే గడ్డకడుతుంది, ఎన్నిసార్లు ఏకించినా లేవదు. బూరుగు దూది తేలిగ్గా, మెత్తగా ఉండి మొదట్లో ఎంతో హాయిగా ఉంటుంది. కాని దాని పోగు పెళుసు, వాడేకొద్దీ నలిగి పొడి అవుతుంది కనుక పత్తిలా మళ్లీ మళ్లీ ఏకించడానికి పనికిరాదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఆ పొడి మరింత ఇబ్బంది. దిండ్లకు బూరుగు, పరుపుకు పత్తి అన్నదే నా మాట.

పత్తి పరుపుతో కష్టాలూ ఉన్నాయి. ఒక్కరు పడుకునే పరుపుకే పది కిలోల పైన దూది పడుతుంది కనుక డబుల్ పరుపును ఎత్తి తిరగేయడం ఇద్దరికి పని. దీనికి సులువైన మార్గం, డబుల్ కాట్ మీదికి ఒకే పెద్ద పరుపు కాకుండా సమానమైన రెండు సింగిల్ పరుపులు కుట్టించుకోవడం. ఒక్కరే మోసుకుని డాబా మీదికి తీసుకెళ్లగలుగుతారు, ఒకవైపు మాత్రమే గుంట పడితే ఆ ఒక్కటే విప్పించుకోవచ్చు. తేమ మరో సమస్య. కాకినాడ, విశాఖ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలమంతా దూది చెమ్మ పట్టి ఉంటుంది, ఎండ దొరకని ఫ్లాట్లలో బూజు వాసన కూడా వస్తుంది. రాత్రంతా కూలర్ నడిచే గదిలోనూ ఇదే ఇబ్బంది.

డాబా లేనివారికి, దూది ఏకేవారు దగ్గరలో దొరకనివారికి, తరచు బదిలీలయ్యే ఉద్యోగులకు ఫోమ్ పరుపే నయం. ఇక్కడ తెలుసుకోవలసిన లెక్క ఒకటుంది. డెన్సిటీ 32, 40 అని చెప్పే అంకెలు ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో తెలిపేవి. పరుపు గట్టిదనానికీ ఈ అంకెకూ నేరుగా సంబంధం లేదు, కాని గుంట ఎంత త్వరగా పడుతుందన్నది చాలా వరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. తక్కువ డెన్సిటీ ఫోమ్‌లో పదార్థం తక్కువ, గాలి ఎక్కువ. రోజూ బరువు పడే చోట ఫోమ్‌లోని సన్నటి గాలి గదుల గోడలు విరిగి అణిగిపోతాయి, ఒకసారి అణిగిన ఫోమ్‌ను ఎండా లేపలేదు, ఏకుడూ లేపలేదు. బాగుచేసే వీలు లేని పరుపు కనుక మొదటే ఎక్కువ డెన్సిటీది చూసి తీసుకోవాలి.

దుకాణదారు చెప్పిన డెన్సిటీ నిజమో కాదో ఇంట్లో తూకంతో తెలుసుకోవచ్చు. 75 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న పరుపు ఘనపరిమాణం సుమారు 0.37 ఘనపు మీటర్లు. అంతా 40 డెన్సిటీ ఫోమే అయితే దాదాపు 15 కిలోలు, 32 అయితే దాదాపు 12 కిలోలు తూగాలి. పైగుడ్డ బరువు దీనికి అదనం. గుడ్డతో కలిపి కూడా పది కిలోలు తూగకపోతే 40 అన్న మాట నమ్మవలసిన పని లేదు. అయితే ఈ లెక్క ఒకే రకం ఫోమ్‌తో చేసిన పరుపుకే పనికొస్తుంది. తుక్కు ఫోమ్ ముక్కలను అతికించి అచ్చుపోసిన బాండెడ్ ఫోమ్ బరువుగానే ఉంటుంది, అందువల్ల తూకం ఒక్కటీ చూస్తే మోసపోతారు. జిప్పు తెరిచి చూస్తే రంగురంగుల ముక్కలు కలిసి ఉండటం తెలిసిపోతుంది. జిప్పు లేని పరుపు అయితే లోపల ఏయే పొరలు ఎన్నేసి అంగుళాలు ఉన్నాయో బిల్లు మీద రాయించుకోవాలి. డబ్బు చాలనప్పుడు మందం తగ్గించుకోండి గాని డెన్సిటీ తగ్గించుకోవద్దు. ఎనిమిది అంగుళాల నాసిరకం ఫోమ్ కంటే ఐదంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ ఎన్నో రెట్లు నయం. మే నెలలో ఫోమ్ వీపుకు వేడిగా తగులుతుంది కనుక పైన పలుచటి నూలు బొంత పరుచుకుంటే మంచిది.

కొబ్బరి పీచు పరుపు ఈ రెండింటికీ మధ్యస్థం. పీచు మీద రబ్బరు పాలు చల్లి గట్టిపరిచి దీన్ని తయారు చేస్తారు. గాలి ఆడుతుంది, వేడి పట్టదు, గట్టిగా ఉంటుంది. ఆ రబ్బరు పట్టు వదిలిన తరువాత మాత్రం పీచు విరిగి పొడి రాలుతుంది, నడుము భాగం కుంగుతుంది, దానికి మరమ్మతు లేదు. గట్టి పడక ఇష్టపడే పెద్దవారికి తప్ప నేను దీన్ని ముందు చెప్పను. గట్టిగా ఉన్నదే నడుముకు మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది గాని, 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధనలో, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిలో బాగా గట్టి పరుపుల కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నవాటి మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. ఆర్థోపెడిక్ అన్న ముద్రను చూసి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

స్ప్రింగ్ పరుపులు ఈ ధరలో తీసుకోదగ్గవి కావు. మెమరీ ఫోమ్ పేరుతో ఈ ధరకు దొరికేవాటిలో తరచు పైన ఒక పలుచటి పొర మాత్రమే ఉంటుంది, ఎండాకాలంలో అది ఇంకా మెత్తబడుతుంది. రబ్బరు పాలతో చేసే అసలైన లేటెక్స్ పరుపు ఈ డబ్బుకు రాదు.

డాబా, ఎండ, దూది ఏకేవారు, ఈ మూడూ అందుబాటులో ఉన్నవారికి నేను నిస్సంకోచంగా పత్తి పరుపే చెబుతాను. ఒకసారి పెట్టిన డబ్బు ఏళ్ల తరబడి పనికొచ్చేది అందులోనే. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా 40 డెన్సిటీ ఫోమ్ తీసుకోండి.

కొనేముందు మంచం కూడా చూసుకోవాలి. నవారు మంచం మీద పత్తి పరుపు సర్దుకుంటుంది గాని ఫోమ్ పరుపు మంచంతోపాటే కుంగుతుంది, దానికి చెక్క లేదా ప్లైవుడ్ అడుగు తప్పనిసరి. పైగా చాలా కంపెనీల వారంటీ సమతలంగా ఉన్న అడుగు మీద వాడితేనే వర్తిస్తుంది. గుంట ఎంత లోతు పడితే మార్చి ఇస్తారో వారంటీ కాగితంలో రాసి ఉంటుంది. డబ్బు చెల్లించక ముందే ఆ వాక్యం చదివి, బిల్లును కాగితంతో కలిపి భద్రపరచుకోండి.