గుమ్మడికాయ చెక్కాలా, రంగులు వేయించాలా?

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లలో ఒకటే ప్రశ్న. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌కి గుమ్మడికాయ మీద ముఖం చెక్కుదామా, రంగులు వేయిస్తే చాలా? ఫోమ్ కాయ ఒకటి కొని ఏటా అదే పెట్టుకుంటే పోలా? పిల్లలు ఎనిమిదేళ్ల లోపు వాళ్లయితే నా ఓటు రంగులకే. ఎందుకంటే చెక్కుడు చూస్తుండగానే పెద్దవాళ్ల పని అయిపోతుంది.

రెండు గంటల పనిలో పిల్లల వాటా ఎంతో లెక్కేయండి. మూత కోసేది పెద్దవాళ్లు. లోపలి పీచూ గింజలూ తీసేది పిల్లలు. అదీ ఆ జిగురు చేతికి తగలగానే సగం మంది ‘యాక్’ అని లేచిపోతారు. గోడ పల్చన చేసేదీ, రంపం పట్టేదీ మళ్లీ పెద్దవాళ్లే. నాన్న వంగి కూర్చుని కోరపళ్లు కోస్తుంటాడు, పిల్ల ఐప్యాడ్ దగ్గరికి చేరుతుంది.

అయినా చెక్కాల్సిందే అంటే సరిగా చెక్కండి. వంటింటి కత్తి వద్దు. వెడల్పాటి అలుగు కండలో ఇరుక్కుంటుంది, లాగితే ఒక్కసారిగా ఊడి చేతి మీదికి వస్తుంది. కార్వింగ్ కిట్‌లో ఇచ్చే సన్నటి రంపం మేలు. దాన్ని పదేళ్లు దాటిన పిల్లలకి ఇవ్వొచ్చు, మీరు పక్కనే ఉండి. పైన తొడిమ చుట్టూ మూత కోస్తే అంచు ఏటవాలుగా లోపలికి వంగేలా కోయాలి. నిట్టనిలువుగా కోస్తే మర్నాటికి మూత ముడుచుకుని లోపల పడుతుంది. అసలు మూత జోలికి పోకుండా వెనకవైపు ఐదారంగుళాల కన్నం కోసుకుంటే ఆ బాధే లేదు. ముఖం వచ్చే వైపు గోడని గరిటెతో గీకి అంగుళం మందానికి తేవాలి. అంతకన్నా మందంగా ఉంటే రంపం మలుపు తిరగదు, మరీ పల్చనైతే రెండో రోజుకే ముఖం జారుతుంది. బొమ్మ కాగితం అంటించి, గీత వెంట పుష్‌పిన్‌తో పావు అంగుళానికొక చుక్క గుచ్చించండి. ఈ పని పిల్లలు చక్కగా చేస్తారు. కాగితం తీశాక చుక్కలు కనపడకపోతే కాస్త పిండి రాస్తే తేలతాయి. ముందు చిన్న ముక్కలు, చివర్లో పెద్దవి కోయాలి. నోరు ముందే కోసేస్తే ముఖం బలం పోయి, కళ్లు కోసేటప్పుడు పగులుతుంది. పన్ను విరిగితే రెండు టూత్‌పిక్‌లు గుచ్చి నిలబెట్టొచ్చు.

పూర్వం ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో దీనికి టర్నిప్ దుంపలు తొలిచేవారు. వాటితో పోలిస్తే గుమ్మడికాయ వెన్న. తొలిచాక నిలవ ఉండకపోవడమే దీంతో చిక్కు. కోసిన కండలో తడీ తీపీ ఉంటాయి, బూజుకి అంతకన్నా ఏం కావాలి? డాలస్, ఫీనిక్స్‌లలో అక్టోబరు చివర్న కూడా పగలు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటుంది. రెండు మూడు రోజులకే కాయ కుంగిపోతుంది. షికాగో, బోస్టన్ చలిలో ఐదారు రోజులు ఆగుతుంది, గడ్డకట్టి కరిగిందంటే మాత్రం మెత్తబడిపోతుంది. గాలన్ నీళ్లకి టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి కోసిన అంచులకి కొడితే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. ఆ పని పిల్లలు లేనప్పుడు, విడిగా. ఎలా చూసినా 29వ తేదీకి ముందు చెక్కడం దండగ.

కోయని కాయ చల్లటి చోట నెల పైనే ఉంటుంది. అందుకే రంగులైతే అక్టోబరు మొదటి వారాంతంలోనే మొదలుపెట్టొచ్చు. కాయ ఎంచుకునేటప్పుడు అడుగున బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే వద్దు. తొడిమ పచ్చగా, గట్టిగా ఉండాలి. దాన్ని పట్టుకుని ఎత్తకూడదు, అది ఊడిన చోటే కుళ్లు మొదలవుతుంది. పిల్లకొకటి చొప్పున ఐదారంగుళాల నున్నటి కాయలు చాలు. నిలువు చాళ్లు లోతుగా ఉన్నవాటి మీద రంగు జారి చాళ్లలో గూడుకడుతుంది.

రంగు ఊడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తొక్క మీది మైనపు పొరే. కాయని రెండు చుక్కల గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక రబ్బింగ్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఇది పెద్దవాళ్ల పని, కిటికీ తెరిచి. పాత తువ్వాలుతో చుట్టకుదురు చేసి దాని మీద కాయ పెడితే దొర్లదు. తెల్ల అక్రిలిక్ రంగు స్పాంజితో పల్చగా అద్దించి, అరగంట ఆరనిచ్చి, మళ్లీ ఇంకో పూత. పిల్లలు ఒకేసారి దట్టంగా పూస్తారు. పైన ఆరి లోపల తడిగా ఉన్న ఆ పూత మీగడ తరకలా లేచొస్తుంది. సీసా చేతికివ్వకండి, కాగితం పళ్లెంలో రంగుకి ఒక్క చెంచా వేసివ్వండి. అక్రిలిక్ బట్టల మీద ఆరిందంటే పోదు, కాబట్టి నాన్న పాత టీషర్టు తొడగాలి. నాలుగేళ్ల లోపు వాళ్లకి ఉతికితే పోయే టెంపెరా నయం. కానీ అది మంచుకే కారిపోతుంది, ఆ కాయని ఇంట్లోనే పెట్టుకోవాలి.

బొమ్మకి బ్రష్షు కూడా అక్కర్లేదు. సీసా మూతని నల్లరంగులో ముంచి అద్దితే గుండ్రటి కళ్లు వచ్చేస్తాయి. కాయని పక్కకి పడుకోబెడితే తొడిమే ముక్కు. వంకర తొడిమ ఉంటే మంత్రగత్తె తయారు. తినుబండారాలు పడని పిల్లల కోసం బొమ్మలూ స్టిక్కర్లూ పంచాలనుకుంటే కాయకి నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు వేయించండి. ఆహార అలర్జీల సంస్థ ‘ఫేర్’ 2014లో దేశమంతా ప్రచారంలోకి తెచ్చిన గుర్తు అది.

రంగు కాయ రాత్రి వెలగదు. ఇది నిజమైన లోటే. తెల్లటి ముఖం మీద వరండా దీపం పడితే బాగానే కనపడుతుంది, కింద చిన్న ఎల్ఈడీ లైటు పైకి తిప్పి పెడితే ఇంకా బాగుంటుంది. అయినా లోపలినుంచి వెలిగే ముఖం అందం వేరు. పిల్లలు పెద్దవాళ్లయితే రంగు కాయలకి తోడు 30వ తేదీన ఒక పెద్ద కాయ చెక్కండి. అందులో కొవ్వొత్తి బదులు ఎల్ఈడీ టీలైట్ పెట్టండి, బటన్ సెల్ ఉన్న చోట మరమేకు బిగించి ఉన్నదే కొనండి. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలుతుంది.

ఫోమ్ కాయ ఏటికేడు పనికొస్తుంది, కానీ కోస్తే వచ్చే పొడి ఇల్లంతా ఎగురుతుంది, లోపల నిప్పు పెట్టడానికి లేదు. స్ప్రే పెయింట్ కొడితే కొన్ని రకాల ఫోమ్ కరిగిపోతుంది. నల్లకాగితం గబ్బిలాలు, పాలడబ్బా దెయ్యాలు వానాకాలపు సాయంత్రానికి కాలక్షేపం, అంతే.

హైదరాబాద్ అపార్టుమెంట్లలో చేసేవాళ్లకి చెక్కుడు ఊసే వద్దు. మన కూరగుమ్మడికి కండ మందం, లోపల ఖాళీ తక్కువ. రంగులకి మాత్రం బాగానే పనికొస్తుంది. బూడిద గుమ్మడికాయ తెచ్చారా, పైనున్న బూడిదంతా తడిగుడ్డతో తుడవందే ఏ రంగూ నిలవదు. దిష్టికి కట్టే కాయ మీద దెయ్యం బొమ్మేమిటని అమ్మమ్మ అడిగితే జవాబు మీరే చూసుకోవాలి.

నవంబరు 1న చెక్కిన కాయని, బ్లీచ్ తగలకపోతే, నేరుగా కంపోస్టులో వేయొచ్చు. అక్రిలిక్ వేసినదాన్ని తొక్క చెక్కేసి కండ మాత్రమే వేయాలి. ఆ ఓపిక లేకపోతే చెత్తబుట్టే గతి.