వాసన ఉన్న హ్యాండ్ క్రీమా, లేనిదా?

రోజూ గిన్నెలు తోమి అమ్మకి వేళ్ల సందుల్లో చర్మం పగిలిపోతుంటే రెండు ట్యూబులు తెచ్చాను. ఒకటి లావెండర్ వాసనది, ఇంకోటి ఏ వాసనా లేనిది. వెనక్కి తిప్పి చదివితే మొదటి పేర్లు రెండింట్లోనూ అవే: నీళ్లు, గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, షియా బటర్. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది, షియా బటర్ అది ఆరిపోకుండా పైన పొరలా కాస్తుంది. ఆల్కహాల్ అని చూసి టెన్షన్ పడకండి. ఇది మైనంలాంటి కొవ్వు పదార్థం, చర్మాన్ని ఎండబెట్టదు.

తేడా అంతా జాబితా చివర్లో ఉంది. లావెండర్ దాంట్లో 'పర్‌ఫ్యూమ్', ఆ వెనకే లినలూల్, లిమొనీన్ అనే వాసననిచ్చే పదార్థాలు. పర్‌ఫ్యూమ్ అన్న ఒక్క మాటలో పదుల కొద్దీ పదార్థాలు ఇమిడి ఉండొచ్చు. లినలూల్ లావెండర్‌లో సహజంగానే ఉంటుంది, కానీ గాలి తగిలి మారిపోతే కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. యూరప్‌లో ఇలాంటి క్రీముల్లో అది 0.001 శాతం దాటితే పేరు వేయాల్సిందే.

పగిలిన చేతులకైతే వాసన లేనిదే మంచిది. అమ్మకి అదే హాయిగా ఉంది, మంట లేదు. చర్మం బాగున్నవాళ్లు, వాసనలు పడేవాళ్లు లావెండర్‌ది రాసుకోవచ్చు, మూత మాత్రం గట్టిగా పెట్టాలి. 'అన్‌సెంటెడ్' అని రాసి ఉన్నా వాసనను కప్పే పరిమళం కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్నది చూసి, జాబితా కూడా చదివి తీసుకోండి.