చీరా, స్కర్టా, ప్యాంటా: కేబిన్ క్రూకి ఏది మేలు?

"అక్కా, ఏ ఎయిర్‌లైన్ యూనిఫాం బాగుంటుంది?" అని వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు, ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అయ్యే పిల్లలే ఎక్కువ. బాగుండటమంటే ఏంటమ్మా అని తిరిగి అడిగితే ఒక ఫొటో పంపిస్తారు. ఫొటోలో అందరూ నిలబడే ఉంటారు, అక్కడే వస్తుంది తేడా. నేను ఎయిర్‌హోస్టెస్‌గా తొమ్మిదేళ్లు ఎగిరాను, ఆరేళ్లు స్కర్టులో, మూడేళ్లు ప్యాంటులో (రెండూ వేరే వేరే కంపెనీలు, పేర్లు అడగొద్దు). చీర సంగతి నా బ్యాచ్‌మేట్ చెప్పగా విన్నదీ, ఒకరోజు దాని రూంలో సరదాకి కట్టుకుని చూసిందీ. ఆ తొమ్మిదేళ్లలో నేను ఫొటోలోలాగా నిటారుగా నిలబడి చేసిన పనేదైనా ఉందంటే ఎక్కేటప్పుడు డోర్ దగ్గర నమస్కారం, దిగేటప్పుడు థాంక్యూ, అంతే. మిగతా డ్యూటీ అంతా గుంజీళ్లే.

నిజంగానే గుంజీళ్లు. మీల్ ట్రాలీలో ట్రేలు పైనుంచి కిందిదాకా ఉంటాయి, పై వరసలు అయిపోయాక ప్రతి ట్రేకీ కిందికి కూర్చోవాలి, లేవాలి, పక్క సీటు ఆయనకి అందించాలి, మళ్లీ కూర్చోవాలి. మధ్యలో ఎవరో బ్యాగు కావాలంటారు, రెండు చేతులూ పైకెత్తి సీట్ల పైనుండే బిన్ తెరవాలి. సీటు కింద పడిన ఫోన్ తీయాలి, బెల్టు రాని పెద్దావిడకి వంగి పెట్టాలి. అందుకే నా లెక్కలో యూనిఫాంకి ఒకటే పరీక్ష, వేసుకుని చేతులు పూర్తిగా పైకెత్తు, ఆ తర్వాత పూర్తిగా కిందికి కూర్చుని లే, పదిసార్లు. టక్ బయటికొచ్చినా, స్కర్టు పైకెక్కినా, కుట్టు పటపటమన్నా ఫెయిలే, ఎంత పెద్ద డిజైనర్ గీసినా సరే.

స్కర్టుతో మొదలుపెడతా, ఎందుకంటే దాని మీద నాకు పాత బాకీ ఉంది. పొద్దున్నే శంషాబాద్ నుంచి ఢిల్లీ ఫ్లైట్, నాకు జాబులో మొదటి ఏడాది. ఏడో వరసలో ఒకాయన టమాటా జ్యూస్ అడిగాడు, డబ్బా అట్టడుగు డ్రాయర్లో ఉంది, కూర్చున్నా, వెనక చర్ర్‌మని స్లిట్ దగ్గర్నుంచి కుట్టు పైదాకా వచ్చేసింది. ఇంకా గంటన్నర ప్రయాణం ఉంది. మా సీనియర్ వచ్చి ఏమీ మాట్లాడకుండా తన ఏప్రన్ విప్పి నాకు వెనక వైపుకి కట్టింది, ముందొక ఏప్రన్, వెనకొక ఏప్రన్, దిగేదాకా అలాగే తిరిగాను. తర్వాత ఆఫీసులో చెబితే స్కర్టు తప్పేం లేదు, నువ్వు కూర్చున్న పద్ధతే తప్పు అన్నారు. మోకాళ్లు దగ్గర పెట్టి ఒక పక్కకి తిప్పి కూర్చోవాలట, ట్రైనింగులో నేర్పించారు కూడా. రోజుకి నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ఫ్లైట్లు, అలా పక్కకి తిరిగి కూర్చుని లేస్తే నడుం ఏమవుతుందో ఆ నేర్పించినవాళ్లని అడగాలి. ఇండిగో వాళ్లలాగా ఒకే పీసు డ్రెస్ అయితే కొంత నయం, టక్ బయటికొచ్చే బాధ ఉండదు, కానీ చెయ్యి పైకెత్తితే మొత్తం డ్రెస్సే పైకి లేస్తుంది. స్కర్టుకి ప్లస్ పాయింట్ లేదా అంటే ఉంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది, మే నెలలో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, బస్సు కోసం నిలబడినప్పుడు గాలి ఆడుతుంది. స్టాకింగ్స్ తప్పనిసరి అయితే ఆ గాలి కూడా లేదు.

చీర గురించి రాస్తే ఇటు వాళ్లూ అటు వాళ్లూ తిడతారు, అయినా రాస్తా. ఎయిరిండియాలో చీర 1960ల నుంచి ఉంది, అంతకుముందు వాళ్లదీ స్కర్టే. 2023 డిసెంబరులో మనీష్ మల్హోత్రా డిజైన్ చేసిన కొత్తది వచ్చింది, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే ఒంబ్రే చీర, ముందే కుట్టేసిన రెడీ టు వేర్ రకం, కావాలంటే కింద ప్యాంటు వేసుకోవచ్చు. ఆ ప్యాంటు పెట్టిన మనిషెవరో గానీ వాళ్లకో దండం. మా బ్యాచ్‌మేట్ అయితే పాత ఆరు గజాల రోజుల్లో ఒక్కో చీరకి తొమ్మిది పిన్నులు పెట్టేది, తెల్లవారుజాము పికప్ అంటే రెండింటికే లేచి కుచ్చిళ్లు సరిచేసుకునేది. కానీ చీరకున్న ఒక సుఖం దేనికీ లేదు, ఒళ్లు వచ్చినా తగ్గినా చీర ఏమీ అనదు. స్కర్టు రెండు కిలోలకే అలుగుతుంది. ఇంకోటి, గల్ఫ్ ఫ్లైట్లలో మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు మొదటిసారి ఎక్కేవాళ్లుంటారు కదా, బెల్టు పెట్టుకోవడం రాకపోతే మమ్మల్ని పిలవడానికి మొహమాటపడతారు, చీరలో ఉన్నదాన్ని మాత్రం "అక్కా, గిది ఎట్ల పెట్టాలె" అని ధైర్యంగా అడిగేస్తారని మా బ్యాచ్‌మేట్ చెబుతుంది. బట్టలు చేసే పనే అది, కాదనను.

మరి గుంజీళ్లు? మన ఊళ్లలో నాట్లేసే ఆడవాళ్లు రోజంతా చీరలోనే వంగి పని చేస్తారు కదా అని ఒకబ్బాయి నాతో వాదించాడు. చేస్తారు నాయనా, చీర మోకాళ్ల పైకి దోపుకుని చేస్తారు, వాళ్లకెవరూ బట్టా జుట్టూ నీటుగా ఉన్నాయా అని గ్రూమింగ్ చెక్ పెట్టరు. ఇస్త్రీ మడత చెదరకుండా, కాలి కింద అంచు పడకుండా, విమానంలో వంటగదిలాంటి ఇరుకు గ్యాలీలో కూర్చుని లేవడం వేరే సంగతి. కుట్టిన చీరా, కింద ప్యాంటూ వచ్చాక చాలా మెరుగే, పాస్ మార్కులు ఇస్తా. ఫస్ట్ క్లాస్ మాత్రం ఇవ్వలేను.

ప్యాంటు వేసుకున్న మొదటి వారం నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఆరేళ్లు ఎందుకు పడ్డాన్రా దేవుడా అని. జంప్‌సీట్‌లో, అంటే క్రూ కూర్చునే మడత సీట్లో, ప్రయాణికుల ఎదురుగా కూర్చున్నప్పుడు మోకాళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మానడానికే నెల పట్టింది. 2022 ఆగస్టులో మొదలైన ఆకాశ ఎయిర్ అందరికీ ప్యాంటూ, జాకెట్టూ, స్నీకర్సూ ఇచ్చినప్పుడు చాలామంది ఇదేం కేబిన్ క్రూ లుక్ అన్నారు, నాకైతే ఆ స్నీకర్స్ చూసి ఈర్ష్య పుట్టింది. ఉక్రెయిన్‌లో స్కైఅప్ వాళ్లు 2021లోనే ఆ పని చేశారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు ప్యాంటు వేసుకునే హక్కు కోసం యూనియన్‌తో కలిసి పోరాడితే 2016లో గానీ రాలేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020 ఏప్రిల్ నుంచి ప్యాంటు ఒప్పుకుంది, హీల్సు తప్పనిసరి కాదంది. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టులో వాళ్ల విమానం తగలబడినప్పుడు లోపలున్న 379 మందీ బయటపడ్డారు. ప్యాంటు వల్లే బతికారని నేను అనట్లేదు, వాళ్ల డ్రిల్లు వల్ల, ప్రయాణికులు సామాన్లు వదిలేసి మాట విన్నందువల్ల. కానీ మనకీ అలాంటి రోజే వస్తే డోర్ నుంచి కిందికి జారే ఎమర్జెన్సీ స్లైడ్ మీద దూకాల్సింది మనం కూడా. సగం డోర్లు మాత్రమే వాడి 90 సెకన్లలో అందరూ దిగగలరని చూపిస్తేనే ఆ రకం విమానానికి పర్మిషన్ వస్తుంది, ఆ లెక్కలో స్కర్టు సర్దుకునే టైం వేయలేదు.

బట్ట గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అది. పాలియస్టర్, నైలాన్ మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి, ఇందాక చెప్పిన స్టాకింగ్స్ కూడా అలాంటివే. కాటన్ కాలుతుంది గానీ కరగదు, ఉన్ని అంత తొందరగా అంటుకోదు. అలాగని మొత్తం ఉన్ని వేసుకుని ఎండాకాలం హైదరాబాద్‌లో డ్యూటీ చేయమంటే మంట అక్కర్లేకుండానే పోతాం, కాటన్ అయితే రెండో సెక్టారుకే నలిగి నేలగుడ్డ అవుతుంది. కాబట్టి ఉన్ని ఎక్కువున్న బ్లెండ్, పల్చటి నేత. ముడత పడకుండా వేసే కెమికల్ ట్రీట్‌మెంట్లతో కూడా జాగ్రత్త, అమెరికాలో అలాస్కా, అమెరికన్, డెల్టా క్రూ కొత్త యూనిఫాంల వల్ల దద్దుర్లూ ఊపిరి ఇబ్బందులూ వచ్చాయని కోర్టుల దాకా వెళ్లారు. కొత్త సెట్ ఇవ్వగానే రెండు మూడుసార్లు ఉతికి వేసుకోండి.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ సారోంగ్ కెబాయా గురించి కూడా అడుగుతారు, బిగుతు జాకెట్టూ కింద పొడవాటి బిగుతు లుంగీ లాంటి స్కర్టూ అన్నమాట. ఫ్రెంచ్ డిజైనర్ పియరీ బాల్‌మాఁ చేసింది, అందమే, కానీ దాంట్లో నేను పది గుంజీళ్లు తీయలేను. ఎమిరేట్స్ ఎర్ర టోపీ ఫొటోకి బ్రహ్మాండం, చాలు.

నన్ను ఎంచుకోమంటే పొడవు కుర్తా లాంటి పై బట్ట, కింద ప్యాంటు. విస్తారా వాళ్లది ఆ దారిలోనే ఉండేది, 2024 నవంబరులో ఆ కంపెనీ ఎయిరిండియాలో కలిసిపోవడంతో అదీ పోయింది. టక్ అక్కర్లేదు, చెయ్యెత్తితే నడుం కనపడదు, కాలేజీ రోజుల నుంచి మనకి అలవాటైన బట్టే, పెద్దవాళ్లు వింతగా చూడరు, చీరలో వచ్చే ఆ దగ్గరితనం కూడా కొంత మిగులుతుంది. దానికి రెండు నిజమైన జేబులు పెట్టాలి, పెన్ను పట్టేంత కాదు, పెన్నూ టార్చీ చిన్న నోట్‌బుక్కూ పట్టేంత.

ఇదంతా చదివి కంపెనీ ఇచ్చింది వేసుకోక ఎంచుకునే ఛాన్స్ మాకెక్కడిది అంటారు, నిజమే. కానీ కొలతలు తీసుకునే రోజు ఒకటుంటుంది, ఆ రోజు అందరూ పొట్ట లోపలికి పీల్చి నిలబడతారు. మీరు మాత్రం టేపు నడుముకి ఉండగానే ఒక గుంజీ తీయండి. టైలర్ నవ్వుతాడు, నవ్వనివ్వండి, ఆ కొలతే రాసుకోమనండి.