లిక్టర్ మినియేచర్: కనపడకుండా వేటాడేది
వార్‌హామర్ 40,000 అనే బొమ్మల యుద్ధం టేబుల్ గేమ్‌లో టిరానిడ్స్ (గ్రహాంతర జీవుల ఆర్మీ) ఆడేవాళ్ళు లిక్టర్ తప్పకుండా తీస్కోండి, నాకైతే మొత్తం ఆర్మీలో ఇదే ఇష్టం. కథ ప్రకారం హైవ్ ఫ్లీట్ (టిరానిడ్స్ అసలు దండు) రాకముందే గ్రహం మీదికొచ్చి ఒంటి రంగు మార్చుకుని దాక్కుంటది, దొరికినోడి మెదడు తిని వాడి జ్ఞాపకాలు కూడా లాగేస్తది, బాబోయ్! 10వ ఎడిషన్ రూల్స్‌లో కూడా అదే ఫీల్ ఉంది, లోన్ ఆపరేటివ్ అనే రూల్ ఉంది కాబట్టి శత్రువులు టేబుల్ మీద 12 అంగుళాల లోపలికి వస్తే తప్ప దీన్ని షూట్ చేయలేరు, ఇన్‌ఫిల్ట్రేటర్స్ రూల్ ఉంది కదా, ఆట మొదలవకముందే అబ్జెక్టివ్ (పట్టుకోవాల్సిన చోటు) దగ్గర్లో పెట్టేయొచ్చు, ఎవరైనా ఛార్జ్ చేసినా ఫైట్స్ ఫస్ట్ రూల్ వల్ల మొదటి దెబ్బ దీనిదే. పెద్ద స్క్వాడ్ మీదకి మాత్రం ఒంటరిగా పంపకండి, పోద్ది. నోటి దగ్గర టెండ్రిల్స్ (తీగల్లాంటివి) సన్నగా ఉంటాయి, పెయింట్ చేయడానికి ఓపిక కావాలి, అయ్యాక చూస్తే భలే ఉంటది.