నాయన స్టెంటు కోసం కర్నూలులో నాలుగు రోజులు

నాలుగడుగులు గబగబా వేస్తే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని నాయన అంటుంటే ఆదోనిలో పరీక్షలు చేయించాం. గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నాయేమో చూసే యాంజియోగ్రామ్ తప్పదన్నారు. తమ్ముడు హైదరాబాద్ అన్నాడు, నేను కర్నూలన్నాను. తర్వాత చెకప్‌లకు తిరగాల్సింది అమ్మా నాయనే కదా. ఎమ్మిగనూరు మీదుగా బస్సెక్కితే పూట తిరక్కముందే చేరుకోవచ్చు.

మొదటి రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాయన మెట్లెక్కుతూ రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడిపోయాడు. గుండె నొప్పి మనిషిని తెస్తూ ఆ ఒక్క మాట ఫోన్‌లో అడగలేదే అని రాత్రంతా బాధపడ్డాను. తెల్లారి ఆస్పత్రి సందులోనే కింది గదికి మారాం. ఇరుకు గది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. అయినా అదే నయం. పేషెంట్ దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు, మిగతావాళ్లు నడుం వాల్చడానికి చోటు దగ్గరుండాలి.

యాంజియోకు ముందు రోజు రక్త పరీక్షలు, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్). రక్తనాళాలు తెర మీద కనపడ్డానికి ఎక్కించే మందు (డై) కిడ్నీల గుండానే బయటికి పోవాలి కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు. షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు. ఏ మాత్రలు వాడుతున్నారో చీటీతో సహా చూపించండి, నోటిమాటగా చెబితే ఏదో ఒకటి మరిచిపోతాం.

యాంజియోకు మత్తిచ్చి నిద్రపుచ్చరు. కుడి మణికట్టు దగ్గర మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ వేసి, రక్తనాళంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపారు. డై ఎక్కినప్పుడు ఒళ్లంతా వేడెక్కిందని నాయన చెప్పాడు. అరగంట కూడా పట్టలేదు.

కష్టమంతా ఆ తర్వాతే. డాక్టరు మమ్మల్ని పిలిచి తెర మీద రక్తనాళంలో బ్లాక్ (అడ్డంకి) చూపించారు. రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నని జల్లెడ గొట్టం, అదే స్టెంటు, ఇప్పుడే వేయమంటారా అని అడిగారు. నాయన లోపల టేబుల్ మీదే ఉన్నాడు. నాకు కాళ్లు వణికాయి, తమ్ముడు మాట్లాడలేకపోయాడు. చివరికి సంతకం పెట్టాం. హార్ట్ ఎటాక్‌తో వచ్చినవాళ్లకు ప్రతి నిమిషమూ విలువైనదే, అక్కడ ఆలోచించకూడదు. మా నాయనలా నడిచి వచ్చినవాళ్లు మాత్రం, బ్లాక్ ఉంటే ఏం చేయాలో ముందు రోజే డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. యాంజియో సీడీ తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించే వీలుందా అని అప్పుడే అడగొచ్చు. మేం అడగలేదు.

ఐసీయూలో నర్సమ్మలు బంగారం. మణికట్టుకు కట్టిన గాలి పట్టీని గంట గంటకూ కొంచెం కొంచెం వదులు చేస్తూ, చెయ్యి చల్లబడిందేమో చూస్తూనే ఉన్నారు. పక్క బెడ్ పెద్దాయన రాయచూరు నుంచి వచ్చాడు. ఆయనకు తొడ దగ్గర నుంచి చేశారు, అందుకని కాలు కదపకుండా గంటల తరబడి పడుకోబెట్టారు.

బిల్లు దగ్గర మాత్రం గొడవైంది. ప్యాకేజీ అని చెప్పిన మొత్తంలో స్టెంటు వేయడానికి వాడే బెలూన్, వైరు, మందులు లేవట! స్టెంట్లకు కేంద్రం 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో పన్నులు కాక 29,600 రూపాయలు, తర్వాత సవరిస్తూ వస్తున్నారు. స్టెంటు ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపాలి. మేం గట్టిగా అడిగాకే అవి రాసిచ్చారు. ఇన్సూరెన్స్ ఓకే రావడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవాళ్లు చేరకముందే, ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఉద్యోగిని (ఆరోగ్యమిత్ర) కలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ మాకు ఏడాది రాశారు. డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరునే అడగాలన్నారు.

నాలుగో రోజు పొద్దున సందు చివర బండి దగ్గర నాయన ఉగ్గాని తిన్నాడు. బజ్జీలు అమ్మ పక్కకు తీసేసింది. నెల చెకప్‌కు వస్తామని ఆ కింది గదాయనకు అప్పుడే చెప్పి వచ్చాం.